పాత మోటార్‌హోమ్ కొనే ముందు కప్పు ఎక్కి చూడండి

పాత మోటార్‌హోమ్, అంటే లోపల పడకలు, వంటగట్టు ఉన్న ఇంటిబండి, కొనబోయేవారు సాధారణంగా తమకు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్తారు. ఆయన బానెట్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేయించి, చెవి ఒగ్గి విని, సైలెన్సర్ దగ్గర నిలబడి పొగ రంగు చూసి, ‘బండి బాగానే ఉంది సార్’ అంటాడు. ఆయన మాట నిజమే కావచ్చు. అయితే ఆయన చూసింది బండిని మాత్రమే. దాని వీపు మీద ఉన్న ఇంటిని ఎవరూ చూడలేదు.

మోటార్‌హోమ్‌లో బండి భాగం పాడైతే బాగుచేసే మేస్త్రీలకు నెల్లూరు ఆటోనగర్‌లో గాని ఒంగోలులో గాని కొదవ లేదు. క్లచ్ ప్లేటు, రేడియేటర్, కమాన్ పట్టీలు కొత్తవో పాతవో ఏదో ఒక కొట్లో దొరుకుతాయి. ఇంటి భాగం చెమ్మ పట్టి లోపల కుళ్లిపోయినా, కాగితాల్లో ఉన్న బండి, ఎదురుగా ఉన్న బండి ఒకటి కాకపోయినా మాత్రం బాగుచేయడానికి డబ్బు ఒక్కటే చాలదు. అందువల్ల తొలిసారి కొనేవారు పరిశీలన క్రమాన్ని తలకిందులు చేసుకోవాలి. ముందు కాగితాలు, తరువాత కప్పు, గోడలు, నేల, ఆ తరువాతే ఇంజన్.

ఈ క్రమం నేను నష్టపోయి నేర్చుకున్నదే. నేను కొన్న పాత టెంపో ట్రావెలర్‌ను మే నెలలో, మిట్టమధ్యాహ్నం, మంచి ఎండలో చూసి బేరం చేశాను. ఇంజన్ ఈ రోజుకీ ఒక్క ఇబ్బంది పెట్టలేదు. ఆ కార్తీకంలో వాయుగుండం పట్టిన రెండో రాత్రి మాత్రం పడక మీద నీళ్లు కారాయి. పైపలక ఊడదీయిస్తే లోపలి ప్లైవుడ్ తడిసిన అట్టలా పొరలు పొరలుగా చేతికి వచ్చింది. అమ్మినాయన తనకు తెలియదన్నారు. నిజంగానే తెలియకపోవచ్చు కూడా. రోహిణి కార్తెలో చూసిన బండి వేరు, చిత్త, స్వాతి కార్తెల్లో చూసిన బండి వేరు. కుదిరితే అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య, వాన వెలిసిన మరునాడు వెళ్లి చూడాలి. మన తీరానికి ఈశాన్య రుతుపవనాలు ఏటా ఉచితంగా చేసిపెట్టే ఈ పరీక్షను ఎవరూ వృథా చేసుకోకూడదు.

ఏ బండ్లు అమ్మకానికి వస్తాయి

సినిమా షూటింగుల వల్ల క్యారవాన్ అన్న మాట మనకు బాగా పరిచయమే. అయితే షూటింగు బండి ఒకచోట నిలబడి, బయటి జనరేటర్ మీద ఏసీ నడుపుకొనే విశ్రాంతి గది. మోటార్‌హోమ్ రోజూ ప్రయాణం చేస్తూ, రాత్రికి తన నీటితో, తన బ్యాటరీతో తానే బతకాలి. షూటింగులకు తిరిగిన బండిని మోటార్‌హోమ్ పేరుతో అమ్మజూపితే దానిలో పెద్ద అద్దాలు, సోఫాలు కనిపిస్తాయి తప్ప నీళ్ల ట్యాంకు, వంటగట్టు, సరైన పడకలు చాలాసార్లు కనిపించవు.

మన దగ్గర దొరికే పాత మోటార్‌హోమ్‌లలో ఎక్కువ భాగం ట్రావెలర్ వంటి వ్యాన్లను తరువాత మార్పించినవే. 1987లో బజాజ్ టెంపో సంస్థ తెచ్చిన టెంపో ట్రావెలర్‌కు ఆ సంస్థ 2005లో ఫోర్స్ మోటార్స్‌గా మారిన తరువాత కూడా జనం నోట పాత పేరే నిలిచింది. లోపల మనిషి నిలబడగలిగే ఎత్తు ఉండటం, విడిభాగాలు జిల్లా కేంద్రాల్లోనే దొరకడం దాని బలం. విదేశాల నుంచి వచ్చిన మోటార్‌హోమ్ ఎంత అందంగా ఉన్నా, దాని కిటికీ అద్దం ఒకటి పగిలితే ఎక్కడి నుంచి తెప్పించాలో ముందే తెలియనివారు దాని జోలికి పోకపోవడం మంచిది.

కాగితాల్లో ఉన్నది ఏ బండి

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో వాహన తరగతి, బాడీ రకం, సీట్ల సంఖ్య అన్న మూడు గడులను మొదట చదవాలి. అక్కడ మోటార్ కారవాన్ అనో క్యాంపర్ వ్యాన్ అనో ఉండి, సీట్ల సంఖ్య లోపల ఉన్న సీట్లతో సరిపోతే సగం భారం దిగినట్టే. ఆర్‌సీలో 13 సీట్ల మ్యాక్సీ క్యాబ్, అంటే అద్దెకు ప్రయాణికులను ఎక్కించుకునే వ్యాన్, అని ఉండి, లోపల రెండు పడకలు, ఒక గ్యాస్ స్టవ్ కనిపిస్తే ఆ మార్పుకు రవాణా శాఖ అనుమతి లేదని అర్థం చేసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా ఉండేలా యజమాని సొంతంగా మార్పులు చేయరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. ‘రెండు వేలిస్తే ఆర్టీవో ఆఫీసులో రాయించేస్తాం’ అనే మధ్యవర్తి మాట విని అడ్వాన్స్ ఇవ్వకూడదు. రాయించగలిగితే అమ్మకందారునే ముందుగా రాయించి ఇమ్మనండి. అలా అడిగిన వెంటనే చాలా బేరాల రంగు బయటపడుతుంది. ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ మొదట తెరిచేది ఈ గడులనే.

తరువాత చాసిస్ నంబరు. ఆర్‌సీ నకలు మీద ఉన్న అంకెలను బండి చాసిస్ మీద చెక్కిన అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూడాలి. తుప్పు పట్టి కనిపించకపోతే తీగ బ్రష్‌తో రుద్ది, పైన కాగితం పెట్టి పెన్సిల్‌తో గీస్తే అచ్చు దిగుతుంది. అక్కడ వెల్డింగు మచ్చగాని, చుట్టుపక్కల ఎక్కడా లేని కొత్త పెయింటుగాని ఉంటే ఆ బండిని వదిలేయండి. ఇంజన్ నంబరును కూడా అలాగే చూడాలి. పాత బండ్లలో ఇంజన్ మార్చి ఉండటం వింత కాదు, మార్చిన సంగతి ఆర్‌సీలో ఎక్కకపోవడమే తప్పు.

కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి బీమా గడువు, ఫిట్‌నెస్, పన్ను, చెల్లించని చలానాలు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి చూసుకోవాలి. అప్పు తీరిందని నోటిమాటగా చెప్పడం చాలదు. ఫైనాన్స్ సంస్థ ఇచ్చిన నిరభ్యంతర పత్రం, ఫారం 35 చేతికి రావాలి. సొంత వాడకపు వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తరువాత తనిఖీ చేయించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవలసి ఉంటుంది. 2010లో రిజిస్టరయిన బండిని పొడిగింపు లేకుండా ఎవరైనా అమ్ముతుంటే వారు మీకు అమ్మేది బండితో పాటు ఆ తనిఖీలో తప్పే అవకాశాన్ని కూడా.

బయటి రాష్ట్రాల బండ్ల గురించి ఒక మాట. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్ల దూరమే కాబట్టి తమిళనాడు నంబరు బండ్లు మనకు ఎక్కువగా తగులుతాయి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై వచ్చిన ఆంక్షల వల్ల అక్కడి నుంచి చవకగా దిగినవీ కనిపిస్తాయి. ఇలాంటి బండికి అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, ఉండాలి. ఇక్కడికి తెచ్చాక చెల్లించవలసిన జీవితకాల పన్నును లెక్కలో కలపకుండా ‘చవక’ అన్న మాట వాడకూడదు. ఆ పన్ను ఎంత అవుతుందో మీ ఆర్టీవో కార్యాలయంలో కనుక్కున్న తరువాతే ధర మాట్లాడాలి.

లైసెన్సు విషయంలో అనవసరమైన భయాలు ఉన్నాయి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని వాహనాన్ని మామూలు ఎల్‌ఎంవీ, అంటే తేలికపాటి వాహనాల, లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో మరోసారి స్పష్టం చేసింది. ట్రావెలర్ ఆధారిత బండ్లు ఆ లోపలే ఉంటాయి.

కప్పు, గోడలు, నేల

నిచ్చెన లేకుండా బండి చూడటానికి వెళ్లకూడదు. కప్పు మీద ఏసీ బిగించిన చోటు, గాలి ఆడటానికి తెరిచే గాలి మూత, సోలార్ పలకల కాళ్లు, ముందు అంచు అతుకు, అంటే కప్పుకు ఎక్కడెక్కడ రంధ్రం పెట్టారో అక్కడల్లా నీరు లోపలికి దిగే దారి ఉంటుంది. ఆ దారిని మూసే సీలెంట్ మన ఎండలకు ఎండి, పగిలి, అంచులు లేచిపోతుంది. గోరుతో గీరితే మెత్తగా సాగితే ఇంకా ప్రాణం ఉన్నట్టు. పెంకులా రాలితే పోయినట్టు. పగిలిన పాత సిలికాన్ మీదే కొత్త సిలికాన్ పూసి ఉంటే అది మరమ్మతు కాదు, అమ్మకం కోసం వేసిన వేషం, ఎందుకంటే సిలికాన్ మీద సిలికాన్ పట్టదు. పాతది మొత్తం గీకి తీసి, తుడిచి, పాలీయూరిథేన్ సీలెంట్‌గాని బ్యూటైల్ టేపుగాని వాడాలి. కప్పు మీద తారు మచ్చలు కనిపించాయా? కారుతున్న సంగతి ఆ యజమానికి తెలుసు.

లోపలికి దిగి, తలుపులు కిటికీలు తెరిచే ముందే ఒకసారి గట్టిగా గాలి పీల్చండి. మూసి ఉన్న బండిలో బూజు వాసన దాగదు. సువాసన కోసం అగరొత్తులు, స్ప్రేలు వాడి ఉంటే, లేదా మీరు వస్తారని తెలిసి ఉదయం నుంచే తలుపులన్నీ తెరిచి పెట్టి ఉంటే కారణం అడగాలి. ఆ తరువాత పైమూలలు, కిటికీల కింది అంచులు, పడక కింది పెట్టెల మూలలు, బాత్రూం బయటి గోడ అనే వరుసలో బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లాలి. మెత్తగా లోపలికి పోయే చోట ప్లైవుడ్ కుళ్లింది. కొత్తగా వాల్‌పేపర్ అంటించిన ఒకే ఒక్క గోడ, మిగతా వాటికంటే తెల్లగా ఉన్న ఒకే ఒక్క పలక, కొత్త మేకుల వరుస ఇవన్నీ వెనకాల ఏదో ఉందని చెప్పే ఆనవాళ్లు.

చెక్కలో చెమ్మ కొలిచే మీటర్ ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది, కొనడం వృథా కాదు. చెక్కలో 15 శాతం లోపు మంచిదని, 20 దాటితే అనుమానించాలని, 30 దాటితే లోపల కుళ్లు మొదలైందని ఆ పరికరంతో పనిచేసేవారు చెప్పే లెక్క. మైపాడు, కొత్తపట్నం వంటి సముద్రపు ఊళ్లలో నిలబెట్టిన బండికి గాలిలోని తేమ వల్లనే అంకె కొంత ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి ముందుగా బండి మధ్యలో, లోపలి అల్మరా తలుపు మీద కొలిచి, ఆ అంకెను ఆధారంగా పెట్టుకుని మూలలను దానితో పోల్చాలి. అన్నిచోట్లా 16 ఉంటే భయం లేదు. అల్మరా 14, ఎడమ వెనుక మూల 27 అయితే నీరు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోయింది.

యజమాని ఒప్పుకుంటే రబ్బరు గొట్టంతో కప్పు మీద 20 నిమిషాలు నీరు పట్టించి, లోపల టార్చిలైటుతో కూర్చోవాలి. మనిషి స్నానం చేసినంత నీటికి భయపడే కప్పు వాయుగుండాన్ని తట్టుకోదు. ఒప్పుకోని యజమానితో వాదన అనవసరం.

నేల కోసం పాదరక్షలు విప్పి నడవాలి. సింకు ముందు, బాత్రూం గుమ్మం దగ్గర, తలుపు మెట్టు పైన పాదం కింద నేల ఊగితే అక్కడ పలక పోయింది. తరువాత బండి కిందకు దూరి అదే చోటును కింది నుంచి చూడాలి. ఈ పని మీ మెకానిక్‌కు వదిలేయకండి, ఆయన గేర్‌బాక్సు చూస్తాడు గాని చెక్క చూడడు.

వరదలో మునిగిన బండ్ల గురించి

2015 డిసెంబరులోను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకూ చెన్నై మునిగింది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు మార్గం తెగాయి. నీళ్లలో నిలిచిన బండి ఎండి, కడిగి, పాలిష్ పట్టాక అచ్చం మంచి బండిలా కనిపిస్తుంది. వైర్ల కనెక్టర్లలో పచ్చగా పట్టిన చిలుము మాత్రం ఏడాది, రెండేళ్ల తరువాత ఒక్కొక్క లైటుగా, ఒక్కొక్క సెన్సర్‌గా బయటపడుతుంది. డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే, మామూలుగా ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి మూరలో బురద చార కనిపించవచ్చు. సీటు పట్టాల మీద తుప్పు, డాష్‌బోర్డు కింద ఇసుక, హెడ్‌లైట్ లోపలి గీత కూడా ఇలాగే మాట్లాడతాయి. మునిగిన బండి ధర సగానికి తగ్గినా తొలిసారి కొనేవారికి తగదు.

ఇంజన్, టైర్లు

మీరు వస్తున్నారని చెప్పినప్పుడే ఇంజన్‌ను ముందుగా స్టార్ట్ చేయవద్దని కోరాలి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి చల్లగా ఉందో లేదో చూడాలి. చల్లటి డీజిల్ ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కు అందుకోవడం ఆరోగ్యానికి గుర్తు. వేడెక్కాక కూడా నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ ఎక్కువైతే ఎయిర్ ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టి పంపు దాకా అనుమానించాలి. తెల్ల పొగ ఆగకపోతే రేడియేటర్ నీళ్లు సిలిండర్‌లోకి చేరుతున్నాయేమో చూడాలి. ఆయిల్ గేజి కడ్డీకి మజ్జిగ లాంటి పదార్థం అంటుకుని వస్తే ఆ చూపు అక్కడితో ముగించవచ్చు. మిగిలిన క్లచ్, గేర్లు, బ్రేకుల సంగతి మెకానిక్‌కు వదిలేయవచ్చు, ఆయన దానికోసమే వచ్చాడు.

టైర్లు మాత్రం మీరే చూడాలి. మోటార్‌హోమ్ తిరిగేది తక్కువ, నిలబడేది ఎక్కువ. కాబట్టి గాళ్లు నిండుగా ఉన్న టైరు కూడా వయసుతో చచ్చిపోయి ఉంటుంది. టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 3218 అంటే 2018వ సంవత్సరంలో 32వ వారం. ఆరేళ్లు దాటిన టైర్లను, పక్క గోడలపై సన్నని పగుళ్లు ఉన్నవాటిని ధరలోంచి మినహాయించి లెక్క కట్టాలి. కావలి, ఒంగోలు మధ్య జాతీయ రహదారిపై మే నెల మధ్యాహ్నం ముందు టైరు పేలిన నిండు బండిని అదుపు చేయడం అనుభవజ్ఞులకూ కష్టమే.

చీమకుర్తి గ్రానైట్, బరువు లెక్క

ఒక మోటార్‌హోమ్‌లో వంటగట్టు మీద చీమకుర్తి నల్ల గ్రానైట్ పలక పరిచి ఉండగా చూశాను. యజమాని దానిని ఎంతో గర్వంగా చూపించారు, నిగనిగలాడుతూ చుక్కలు మెరుస్తున్నాయి. రెండు సెంటీమీటర్ల మందం గ్రానైట్ చదరపు అడుగుకు ఐదు కిలోలకు తగ్గదు. పది చదరపు అడుగుల గట్టు అంటే ఒక పక్కనే 50 కిలోలు. దానికి 200 లీటర్ల నీళ్లు, అంటే 200 కిలోలు, రెండు ట్యూబులర్ బ్యాటరీలు కలిపి 100 కిలోలకు పైగా, నిండు గ్యాస్ బండ 30 కిలోలు, నలుగురు మనుషులు, వారి పరుపులు, పాత్రలు చేర్చండి. ఇవన్నీ ఆర్‌సీలో రాసిన మొత్తం బరువులోపలే ఇమడాలి.

అందుకే ధర ఖాయం చేసే ముందు బండిని కాటా మీదకు తీసుకువెళ్లాలి. ధాన్యం లారీలు తూచే కాటాలు మన జిల్లాల్లో అడుగడుగునా ఉన్నాయి. నీళ్లు, డీజిల్ నింపి మొత్తం తూచడంతో పాటు ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, వెనుక చక్రాలు మాత్రమే పెట్టి ఒకసారి తూపించాలి. ఆర్‌సీలోని మొత్తం బరువుకు కనీసం 300 కిలోలు తక్కువ లేకపోతే ఆ బండిలో మీ కుటుంబానికి చోటు లేదు, పడకలు ఎన్ని ఉన్నా.

కరెంటు, నీళ్లు, గ్యాస్

ఇంటి భాగానికి ఇంజన్ బ్యాటరీతో సంబంధం లేని వేరే బ్యాటరీ ఉండాలి. ‘ఏసీ కూడా బ్యాటరీ మీద నడుస్తుంది సార్’ అని అమ్మేవారు చెప్పినప్పుడు చిన్న లెక్క వేసుకోవాలి. 12 వోల్టుల 150 యాంపియర్ అవర్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. ట్యూబులర్ బ్యాటరీ ఎక్కువ కాలం బతకాలంటే అందులో సగమే, అంటే 900 వాడాలి. 30 వాట్ల ఫ్యాన్లు రెండు రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే 480 పోతుంది. లైట్లకు, ఫోన్లకు ఇంకో వంద. ఒక టన్ను ఏసీ గంటకు వెయ్యికి పైగా తాగుతుంది. కప్పు మీది 330 వాట్ల సోలార్ పలక మంచి ఎండ ఉన్న రోజున సుమారు 1,200 వాట్ అవర్లు ఇస్తుంది. కాబట్టి ఫ్యాన్లకూ లైట్లకూ సోలార్ సరిపోతుంది. ఏసీకి మాత్రం బయటి కరెంటు కావాలి. నాలుగు గంటలు వాడకుండా ఉంచిన బ్యాటరీని మల్టీమీటర్‌తో చూస్తే 12.6 వోల్టులు నిండు, 12.2 సగం, చార్జి చేశాక కూడా 12 దాటకపోతే కొత్తది కొనవలసిందే.

బయటి కరెంటు తీసుకునే ప్లగ్ ఉన్న బండికి కరెంటు పక్కదారి పట్టగానే లైను తెంచే 30 మిల్లీయాంపియర్ల ట్రిప్పర్, సరైన ఎర్త్ తప్పనిసరి. ఇనుప పెట్టెలో, తడి కాళ్లతో నివసించేవారికి ఇందులో మినహాయింపు లేదు. ట్రిప్పర్ మీద ఉండే పరీక్ష బటన్ నొక్కితే వెంటనే పడాలి.

నీళ్ల విషయంలో పంపు చాలా చెబుతుంది. ట్యాంకు నింపి, పంపు స్విచ్ వేసి, కుళాయిలన్నీ కట్టి, మౌనంగా పది నిమిషాలు కూర్చోండి. పంపు దానంతట అదే మధ్యలో ఒక్కసారి టక్కున తిరిగితే గొట్టంలో ఎక్కడో నీరు పోతోంది. కనిగిరి వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్నది తెలిసిందే, ఉప్పదనం ఉన్న నీరు కుళాయిల్లో, పంపులో గార కడుతుంది. ట్యాంకు నీటిని కడుక్కోవడానికే ఉంచి తాగడానికి క్యాన్ నీరు పెట్టుకోవాలి. కొన్న కొత్తలో ట్యాంకును బ్లీచింగ్ కలిపిన నీటితో నింపి, కొన్ని గంటలు ఉంచి, రెండు మూడు సార్లు కడగాలి. వాడిన నీరు, మరుగుదొడ్డి డబ్బా రోడ్డు పక్కన గాని కాలువలో గాని ఒంపకూడదు. ఏదో ఒక ఇంటి మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయాలి.

గ్యాస్ గాలికంటే బరువు, కారితే నేల మీద నీటిలా పరుచుకుంటుంది. బండ ఉండే పెట్టె లోపలి గదికి తెరుచుకోకుండా, దాని అడుగున బయటికి రంధ్రం ఉండేలా కట్టి ఉండాలి. ఆ రంధ్రాన్ని బొద్దింకలు వస్తాయని గుడ్డ కుక్కి మూసిన మహానుభావులను చూశాను. గొట్టం మీద అచ్చువేసిన తేదీకి ఐదేళ్లు దాటితే మార్చాలి. ప్రతి అతుకుకూ సబ్బు నురగ పూసి చూడాలి. కిటికీలు మూసుకుని లోపల వండకూడదు, ఇంజన్ గాని జనరేటర్ గాని నడుస్తుండగా దాని పొగ వచ్చే వైపు నిద్రపోకూడదు. రెండు కిలోల డ్రై పౌడర్ అగ్నిమాపకాన్ని తలుపు పక్కన పెట్టాలి, స్టవ్ వెనుక కాదు.

డబ్బు ఇచ్చిన తరువాత

కొనుగోలు ధరలో కనీసం నాలుగో వంతు మరమ్మతులకు విడిగా పెట్టుకోలేనివారు ఇంకొంత కాలం ఆగడం నయం. ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు దానికి చక్రాలు కూడా పెట్టి చూడమని అనలేదు.

యాజమాన్య మార్పిడికి ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 అమ్మినవారి సంతకాలతో అదే రోజు తీసుకోవాలి. అమ్మినవారు రాష్ట్రంలోపలైతే 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో తెలియజేయాలి. కొన్నవారికి 30 రోజుల గడువు ఉంది. బదిలీ జరిగేదాకా ఆర్‌సీలో పేరున్నవారే ప్రమాదాలకు బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఆ సంగతి తెలిసిన అమ్మకందారు ఈ పనికి తానే తొందరపడతాడు. బీమాను 14 రోజులలోపు మీ పేరుకు మార్పించుకోవాలి. ఇతరులకు జరిగే నష్టానికి ఉన్న రక్షణ బండితో పాటు వస్తుంది గాని మీ బండికి జరిగే నష్టానికి ఉన్న రక్షణ అలా దానంతట రాదు, పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయన వెంటే పోతుంది. లోపలి పడకలు, ఫ్రిజ్, సోలార్ విలువను పాలసీలో వేరుగా రాయించాలి. పాత ఫాస్టాగ్‌ను అమ్మినవారి చేత మూయించి మీ పేరున కొత్తది తీసుకోవాలి.

తొలి రాత్రి ఇంటి ముందే గడపాలి. వీధిలో నవ్వుతారు, నవ్వనివ్వండి. ఏ స్విచ్ ఎక్కడుందో, పంపు ఎంత మోత చేస్తుందో, దోమతెరలో చిల్లు ఎక్కడుందో ఆ రాత్రి తెలుస్తుంది. రెండో ప్రయాణం మైపాడుకో కొత్తపట్నానికో సరిపోతుంది. గట్టి నేల మీదే ఆపాలి, ఇసుకలోకి దించకూడదు. తిరిగి వచ్చాక మంచినీటితో బండి అడుగు భాగం కడగాలి, ఉప్పుగాలి చాసిస్‌ను తినేస్తుంది. ఆ తరువాత సోమశిల, పెంచలకోన. గిద్దలూరు, నంద్యాల మధ్య నల్లమల ఘాట్‌ను గాని, దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డును గాని కనీసం వెయ్యి కిలోమీటర్లు బండితో పరిచయమయ్యాకే పట్టాలి. దిగేటప్పుడు బ్రేకు మీద ఆధారపడకుండా ఎక్కిన గేరులోనే దిగాలి. శ్రీశైలం అడవి రోడ్డులో రాత్రివేళ చెక్‌పోస్టు దగ్గర వాహనాలను ఆపేస్తారు కాబట్టి పగటి వెలుతురులోనే దాటేలా బయలుదేరాలి. కదులుతున్న బండిలో పిల్లలను పడక మీద పడుకోబెట్టకూడదు. బెల్టు ఉన్న సీట్లు ఎన్నో ప్రయాణికులూ అందరే.

బండి ఎత్తును ఏసీ పైభాగం దాకా టేపుతో కొలిచి, ఆ అంకెను డ్రైవరు కంటి ఎదుట పెద్దగా రాసి అంటించాలి. నెల్లూరులో రామలింగాపురం, మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిల కింద అలవాటు ప్రకారం కారులా దూరబోయి కప్పు మీది ఏసీని అక్కడే వదిలి రావడం చాలా తేలిక.

వాడని నెలల్లో హ్యాండ్‌బ్రేకు వేసి వదలకుండా గేరులో ఉంచి చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టాలి, లేకపోతే తేమకు బ్రేకులు పట్టేస్తాయి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచాలి. పదిహేను రోజులకొకసారి అరగంట రోడ్డు మీద నడపాలి. వరి కోతల తరువాత పొలాల ఎలుకలు వెచ్చని చోటు వెతుక్కుంటూ ఇంజన్ గదిలోకి చేరి వైర్లు కొరుకుతాయి, కాబట్టి బండిలో బియ్యం, బిస్కెట్లు మిగల్చకూడదు, కింది నుంచి వైర్లు, గొట్టాలు వచ్చే రంధ్రాలను సన్నని ఇనుప జాలితో మూయించాలి. వినాయక చవితి దాటిన వారంలో, తొలి వాయుగుండం రాకముందు, నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కి, ఏసీ చుట్టూ, గాలి మూత చుట్టూ, సోలార్ కాళ్ల చుట్టూ సీలెంట్‌ను గోరుతో గీరి చూసి, పగిలిన చోట గీకి తీసి కొత్తది వేయాలి. ఎండ తగ్గిన సాయంత్రం ఈ పని చేస్తే రాత్రంతా ఆరడానికి సమయం దొరుకుతుంది.